మూడు గంటలు దాటిన గ్యాంగ్‌స్టర్ సినిమా: ఏ కాపీ చూడాలి, ఎక్కడ ఆపాలి

బెజవాడ జనానికి ఓపిక లేదని ఎవరూ అనలేరు. 2023లో వచ్చిన ‘యానిమల్’ 201 నిమిషాలు. 2024 డిసెంబరు 5న వచ్చిన ‘పుష్ప 2’ 200 నిమిషాలు. అది చాలదన్నట్టు మరుసటి నెలలో ఇంకో 20 నిమిషాలు అతికించి ‘రీలోడెడ్’ అని మళ్లీ వదిలారు. కాబట్టి సినిమా పొడుగైందన్న ఫిర్యాదు ఈ ఊళ్లో నిలబడదు. మూడు గంటలు తీసుకున్నవాడు బదులుగా మన చేతిలో ఏం పెట్టాడు అన్నదే అడగాల్సింది.

ఆ లెక్కన కొన్ని పొడుగు సరుకుల్ని ఇక్కడ పట్టి చూస్తున్నాం. ‘గాడ్‌ఫాదర్’ మొదటి రెండు భాగాలు, ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ అమెరికా’, ‘ది ఐరిష్‌మన్’, ‘గ్యాంగ్స్ ఆఫ్ వాసేపూర్’. గొప్ప సినిమాలని ఇప్పటికే అందరూ చెప్పేశారు, అది మళ్లీ చెప్పి ప్రయోజనం లేదు. ఇంట్లో సోఫాలో కూర్చుని చూడబోయేవాళ్లకి కావలసింది వేరే: ఏ కాపీ, ఎన్నింటికి మొదలుపెట్టాలి, ఇంటర్వెల్ ఎక్కడ ఇచ్చుకోవాలి, పిల్లలు పక్కన ఉండొచ్చా, నిద్ర ఎక్కడ ముంచుకొస్తుంది, ఎందుకొస్తుంది.

కొలత మాత్రం ఒకటే. మూడో గంటలో ఏం జరుగుతోంది? రౌడీ కథలో మొదటి గంట అప్పు చేసే గంట. కుర్రాడు పైకొస్తాడు, డబ్బొస్తుంది, పేరొస్తుంది, ఎదురు చెప్పేవాడు ఉండడు. రెండో గంట వడ్డీ కట్టే గంట. ప్రాణానికి ప్రాణం, వాడి తమ్ముడికి వీడి అన్న. రెండు గంటల సినిమా అక్కడితో ఒక ఫైటు పెట్టి, హీరోని చంపో గెలిపించో శుభం కార్డు వేసేస్తుంది. జప్తు వచ్చేది మూడో గంటలోనే. ఇంటికి ఎవరూ రారు, కూతురు మాట్లాడదు, మోకాళ్లు లేవవు, చంపినవాళ్ల పేర్లు చెబితే గుర్తుపట్టేవాడు కూడా మిగలడు. అది నమ్మించాలంటే తెరమీద మనిషి ముసలివాడు కావాలి. చూసేవాడి నడుమూ కాస్త పట్టెయ్యాలి. పొడుగు గ్యాంగ్‌స్టర్ సినిమాలో మనం కొనేది ఈ మూడో గంటనే. మొదటి రెండు గంటలూ దానికి కట్టే అడ్వాన్సు.

‘గాడ్‌ఫాదర్’తో మొదలుపెడదాం. 1972, 175 నిమిషాలు. మొదటిసారి చూసేవాళ్లలో చాలామంది పెళ్లి దగ్గరే ఫోన్ చేతిలోకి తీసుకుంటారు. ఆ పెళ్లి దాదాపు 25 నిమిషాలు నడుస్తుంది, కథేదీ మొదలుకాలేదనిపిస్తుంది. మన పెళ్లిళ్లు చూసినవాళ్లకి ఆ 25 నిమిషాలు చదవడం ఎవరూ నేర్పక్కర్లేదు. ఎవరిని లోపలి గదిలోకి పిలిచారు, ఎవరిని గుమ్మం దగ్గర నిలబెట్టారు, కొత్త అల్లుణ్ని ఇంటివాళ్లు ఏ చూపు చూస్తున్నారు, పెద్దకొడుకు ఎటు మాయమయ్యాడు... కథ మొత్తం అక్కడే పరిచి పెట్టారు. బయట పాటలు, డాన్సులు. లోపల కర్టెన్లు దించిన గదిలో సెటిల్‌మెంట్లు. సెటిల్‌మెంటు అన్న ఇంగ్లీషు మాటకి కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఏ అర్థం ఉందో తెలిసినవాళ్లకి ఆ గది కొత్తది కాదు.

ఆ గదిలో శవాలకు అలంకారం చేసే బొనసేరా తన కూతుర్ని కొట్టినవాళ్లకి శిక్ష వెయ్యమని అడుగుతాడు. ఎంతివ్వమంటారు అంటాడు. డాన్‌కి మండేది ఆ మాటకే. పని చేసిపెడతాడు, పైసా తీసుకోడు, ఎప్పుడో ఒకరోజు నీతో పని పడొచ్చు అంటాడు. ఆ రోజు దాదాపు రెండు గంటల తర్వాత వస్తుంది. తూటాలతో జల్లెడైన పెద్దకొడుకు శవాన్ని వాళ్లమ్మ చూడగలిగేలా సరిచేసిపెట్టమని డాన్ అడుగుతాడు. ఈ మధ్యలో బొనసేరా మన కంటికి కనపడడు. ప్రేక్షకుడు అతన్ని మరిచిపోవాలి, మరిచిపోయాక ఒక్కసారిగా గుర్తుకు రావాలి. గంటన్నర సినిమాలో ఈ పని కుదరదు. మరిచిపోవడానికే టైము చాలదు.

ఇంటర్వెల్ రెస్టారెంటు సీను తర్వాత ఇవ్వండి. డాన్ చిన్నకొడుకు మైఖేల్ ఎదురుగా కూర్చున్న ఇద్దర్నీ కాల్చి, తుపాకి కింద వదిలేసి బయటికి నడుస్తాడు. అక్కడికి 88 నిమిషాలు అటూ ఇటూగా అవుతుంది, అంటే 175లో సరిగ్గా సగం. ఆ సీను ముందు బుద్ధిమంతుడైన చిన్నకొడుకు, తర్వాత ఇంకో మనిషి. మన థియేటర్లలో ఇంగ్లీషు సినిమాకి ఇంటర్వెల్ సగం లెక్కన పడుతుంది. తెరమీద మనిషి నోట్లో మాట నోట్లో ఉండగానే లైట్లు వెలుగుతాయి. ఇంట్లో ఆ తిప్పలు ఉండవు. సాయంత్రం 6కి మొదలుపెట్టి పావుగంట విరామం ఇచ్చుకుంటే 9.10కి అయిపోతుంది. అన్నాల వేళకి సరిపోతుంది.

కాపీ దగ్గరే చాలామంది పొరపాటు పడతారు. 2022లో, సినిమాకి 50 ఏళ్లు నిండిన సందర్భంగా, పారామౌంట్ మూడు భాగాల్నీ 4కేలో బాగుచేసి వదిలింది. దొరికితే అదే చూడాలి. కారణం వెలుతురు. కెమెరామన్ గోర్డన్ విల్లిస్ లైట్లు తలపైనుంచి వేసి, డాన్ కళ్లని కావాలనే నీడలో వదిలేశాడు. నాసి కాపీలో ఆ నీడ బొగ్గు ముద్దలా కనపడుతుంది. మంచి కాపీలో ఆ నలుపు లోపల గోధుమ రంగు గోడ, కుర్చీ అంచు, పిల్లి వీపు విడివిడిగా తెలుస్తాయి.

మంచి కాపీ దొరికినా టీవీ దాన్ని పాడుచెయ్యగలదు. షాపులో మెరిసిపోవాలని పెట్టిన ‘వివిడ్’ మోడ్‌ని సగం ఇళ్లలో ఎవరూ మార్చరు. పిక్చర్ సెట్టింగుల్లోకి వెళ్లి ‘సినిమా’ లేదా ‘ఫిల్మ్‌మేకర్’ మోడ్ పెట్టండి. తర్వాత మోషన్ స్మూతింగ్ ఆపండి. ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెట్టింది, పేరులో ‘మోషన్’ అని ఉంటే అదే. సినిమా సెకనుకి 24 ఫ్రేములతో తీస్తారు. టీవీ ఆ ఫ్రేముల మధ్య లేనివి కల్పించి నింపుతుంది కాబట్టి డాన్ ఇల్లు కూడా మధ్యాహ్నం సీరియల్ సెట్టులా కనపడుతుంది. మూడోది పవర్ సేవింగ్, అదీ ఆపండి. గదిలో వెలుతురు తగ్గగానే అది తెర వెలుగునీ తగ్గిస్తుంది. చీకటి సినిమాని చీకటి తెరమీద చూడటం అంటే ఇక రేడియో విన్నట్టే. చివరిది ట్యూబ్‌లైటు. ఎదురుగోడ ట్యూబ్‌లైటు తెరమీద తెల్లటి గీతలా పడుతుంటే ఏ సెట్టింగూ కాపాడలేదు. దాన్ని ఆపి, టీవీ వెనకవైపు చిన్న బల్బు ఒకటి వెలిగించుకుంటే కళ్లు లాగవు.

రెండో భాగం 1974, 202 నిమిషాలు. తండ్రి పైకొచ్చిన కథ, కొడుకు దిగజారిన కథ పక్కపక్కనే నడుస్తాయి. మొదటి భాగం చూసి వారం దాటితే పేర్లు కలిసిపోతాయి, అందుకని శని ఒకటి, ఆది ఒకటి పెట్టుకోవాలి. ఒకేరోజు రెండూ అంటే 377 నిమిషాలు. రెండో భాగం చివరికి వచ్చేసరికి అన్నదమ్ముల మధ్య జరిగే దానికి బరువు తెలియనంతగా అలిసిపోతారు. కుర్రతనంలో ఉన్న తండ్రి వీటో, వీధిలో ఊరేగింపు జరుగుతుండగా పేట రౌడీ ఫనూచిని చంపే ఘట్టం సుమారు రెండు గంటల దగ్గర వస్తుంది. అది దాటాక ఆపండి. చివరి సీనులో మైఖేల్ ఒంటరిగా కూర్చుని ఉంటాడు. ఒక్క మాట లేదు, తుపాకి మోత లేదు. ఇంట్లో ఎవరో ఒకరు ‘అయిపోయిందా?’ అని అడుగుతారు. జప్తు అంటే అదే. 1990లో వచ్చిన మూడో భాగాన్ని 2020లో మళ్లీ ఎడిట్ చేసి పేరు మార్చి వదిలారు. తీరికుంటే చూడొచ్చు, లేకపోయినా నష్టపోయేదేమీ లేదు.

ఇక సెర్జియో లియోనీ ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ అమెరికా’. ఇది కాపీ చూసుకోకుండా మొదలుపెట్టకూడని సినిమా. 1984లో యూరప్‌లో 229 నిమిషాలు వేశారు. అమెరికాలో పంపిణీదారులు భయపడి 139 నిమిషాలకి కోసేశారు. కోసి ఊరుకోలేదు, ముందువెనకలుగా నడిచే కథని వయసు వరసలో పేర్చారు. బాల్యం, యవ్వనం, ముసలితనం, వరసగా. అక్కడ సినిమా కుప్పకూలింది. ఎందుకు కూలిందో చూస్తే పొడుగు సినిమా యంత్రం ఎలా పనిచేస్తుందో తెలిసిపోతుంది. అసలు సినిమాలో 1968లో ముసలివాడైన హీరో నూడుల్స్ పాత కేఫ్‌కి వచ్చి, గోడకున్న చిన్న కంతలోంచి చూస్తాడు. అవతల తను చిన్నప్పుడు దొంగచాటుగా చూసిన పిల్ల డాన్సు చేస్తుంటుంది. ముసలి కన్ను, చిన్నపిల్ల, మధ్యలో ఒక గోడ. వయసు వరసలో పేరిస్తే ఆ కంతకి అర్థమే పోతుంది. జ్ఞాపకం కాస్తా సమాచారమై కూర్చుంటుంది.

2012లో కాన్ సినిమా ఉత్సవంలో చూపించిన 251 నిమిషాల కాపీ కూడా దొరుకుతోంది. పొడుగు ఎక్కువ కాబట్టి అదే మేలనుకోవద్దు. కలిపిన సీన్లు పాడైన పాత రీళ్ల నుంచి తీసినవి, రంగు ఒక్కసారిగా మాసిపోయి అతుకు స్పష్టంగా కనపడుతుంది. మొదటిసారికి 229 నిమిషాలదే చూడండి. డిస్కు కొనేవాళ్లు ఇంకోటి గమనించాలి. మామూలు బ్లూరే డిస్కులకి ప్రాంతం కోడ్ ఉంటుంది. మన దేశం సి, అమెరికా ఎ, ఇంగ్లండు బి. అక్కణ్నుంచి తెప్పించుకున్న డిస్కు ఇక్కడి ప్లేయరులో ఆడకపోవచ్చు. 4కే డిస్కులకి ఆ గొడవ లేదు.

మొదటి అరగంటలో దారి తప్పడం ఖాయం, అది మీ తప్పు కాదు. కాలాలు మూడు: బాల్యం, 1933, 1968. పట్టుకోవడానికి సులువైన గుర్తు రైల్వే స్టేషన్ గోడ. 1933లో నూడుల్స్ ఊరు విడిచి వెళ్లేటప్పుడు ఆ గోడమీద ఒక బొమ్మ ఉంటుంది. కెమెరా కదిలి తిరిగి వచ్చేసరికి బొమ్మ మారిపోయి, అతని జుట్టు నెరిసిపోయి ఉంటుంది. 35 ఏళ్లు ఒక్క గోడతో దాటించేశారు. ఇంకో గుర్తు సంగీతం. ఎన్నియో మొరికోనె బాణీలు షూటింగుకి ముందే సిద్ధం చేస్తే, లియోనీ వాటిని సెట్లో మోగిస్తూ తీశాడు. నటుల నడక ఆ పాట వేగంలో ఉంటుంది. సౌండ్‌బార్ ఉంటే ‘నైట్ మోడ్’ తప్పక ఆపండి. అది మెల్లటి శబ్దాన్నీ పెద్ద శబ్దాన్నీ ఒకే మట్టానికి తెచ్చి, ఈ సినిమాలోని నిశ్శబ్దాల్ని చంపేస్తుంది.

దీంట్లో అన్నిటికంటే ఖరీదైన సీను ఒక మెట్లమీద జరుగుతుంది. ఒక కుర్రాడు అమ్మాయికి ఇవ్వడానికి క్రీము కేకు కొంటాడు. తలుపు దగ్గర ఆమె కోసం ఎదురుచూస్తూ కొంచెం నాకుతాడు, ఇంకొంచెం నాకుతాడు, చివరికి మొత్తం తినేస్తాడు. కథకి ఏ అవసరమూ లేని సీను. గడియారం చూసే ఎడిటర్ ముందు కత్తిరించేది దీన్నే. తర్వాత వీళ్లంతా మనుషుల్ని చంపుతున్నప్పుడు మన కళ్లముందు ఉండేది ఆ కేకు తిన్న పిల్లాడే. మూడో గంటకి కట్టిన అడ్వాన్సు ఇలాంటి చోట్ల ఉంటుంది.

ఇబ్బంది కూడా చెప్పాలి. ఇందులో ఆడవాళ్ల మీద అత్యాచారం సీన్లు ఉన్నాయి, ఒకటి చాలాసేపు నడుస్తుంది. సినిమా ఆ నేరాన్ని హీరోకి మాఫీ చెయ్యదు గానీ, కెమెరా అక్కడ అంతసేపు నిలబడాల్సిన పని లేదు. కుటుంబంతో చూసేది కాదు, పిల్లలు ఇంట్లో ఉండగా అసలే కాదు. రెండు విరామాలు పెట్టుకోండి. బాల్యం ముగిసి నూడుల్స్ జైలుకి వెళ్లే చోట, దాదాపు గంటన్నర దగ్గర, పది నిమిషాలు. ఇంకో గంటకి పావుగంట. 229కి 25 కలిపితే 254 నిమిషాలు. ఐదున్నరకి కూర్చుంటే పావుతక్కువ పదికి లేస్తారు.

‘ది ఐరిష్‌మన్’ 2019, 209 నిమిషాలు, నెట్‌ఫ్లిక్స్‌లో. మార్టిన్ స్కోర్సేసి ఇదివరకు తీసిన ‘కసీనో’ కూడా 178 నిమిషాలే, కానీ అది పరుగెత్తుతుంది. లెక్కపెట్టే గదిలోంచి సూట్‌కేసులో డబ్బు ఎలా బయటికి పోతుందో చూపిస్తుంటే గడియారం వైపు చూడబుద్ధి కాదు. ‘ఐరిష్‌మన్’ అలా కాదు, వీల్‌చెయిర్ వేగంతో నడుస్తుంది. నటుల ముఖాల్ని కంప్యూటర్‌తో కుర్రతనానికి తీసుకెళ్లారు. లోపం కొట్టొచ్చినట్టు కనపడేది కిరాణా షాపువాణ్ని రోడ్డుమీద తన్నే సీనులో. ముఖం నడివయసువాడిది, కాలు విసరడం 74 ఏళ్ల డీనీరోది. చర్మాన్ని సాఫు చెయ్యగలిగారు, నడుముని చెయ్యలేకపోయారు. అక్కడ నవ్వొస్తే నవ్వేసి ముందుకు పోవడమే.

ఓటీటీలో ఉందని దీన్ని నాలుగు ముక్కలుగా, రోజుకో గంట చూసేవాళ్లు ఎక్కువ. ఈ సినిమాకి అంతకంటే హాని లేదు. కార్మిక నాయకుడు హాఫాని చంపడం దీనికి క్లైమాక్సు కాదు. దాని తర్వాత ఇంకా అరగంటకి పైగా ఉంది. డీనీరో వేసిన ఫ్రాంక్ శవపేటిక బేరమాడుతాడు, సమాధి చోటు చూసుకుంటాడు, బ్యాంకులో పనిచేసే కూతురు అతన్ని చూసి కౌంటరు మూసేసి వెళ్లిపోతుంది. ఆ కూతురికి సినిమా మొత్తంలో మాటలు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. మూడు గంటలపాటు ఆమె మౌనంగా చూస్తూనే ఉంటుంది కాబట్టే ఆ కౌంటరు దెబ్బ తగులుతుంది. నాలుగోరోజు మధ్యాహ్నం అన్నం తిని హుషారుగా కూర్చుని ఆ అరగంట చూస్తే బోరుకొడుతుంది. కొట్టాలి కూడా. ఒక్క విరామం చాలు, ఫ్రాంక్‌కి సన్మాన సభ మొదలయ్యే ముందు.

డేటా లెక్క చూసుకోండి. నెట్‌ఫ్లిక్స్ చెప్పే ప్రకారం 4కేలో గంటకి 7 జీబీ వరకు, హెచ్‌డీలో 3 జీబీ వరకు ఖర్చవుతుంది. 209 నిమిషాలకి 4కే అయితే 24 జీబీ పైన, హెచ్‌డీ అయితే పదిన్నర. ఫోన్ హాట్‌స్పాట్‌తో, రోజుకి ఒకటిన్నర జీబీ ప్లానుతో హెచ్‌డీలో సగం సినిమా కూడా దాటదు. 4కేకి స్థిరంగా 15 ఎంబీపీఎస్ ఉండాలి, ప్రీమియం ప్లాను కూడా ఉండాలి. చీకటి సీన్లలో గోడలమీద మెట్లుమెట్లుగా చారలు కనపడితే తప్పు టీవీది కాకపోవచ్చు. నెట్ నెమ్మదించినప్పుడు వాళ్లే నాణ్యత తగ్గించి పంపుతారు. రాత్రి ఎనిమిది, తొమ్మిది మధ్య అందరూ వాడే వేళలో ఇది ఎక్కువ.

‘గ్యాంగ్స్ ఆఫ్ వాసేపూర్’ గురించి తక్కువే చెప్పాలి, ఎందుకంటే అది తనే ఎక్కువ చెబుతుంది. ఐదు గంటల పైచిలుకు సినిమాగా తీసి, 2012లో కాన్‌లో చూపించారు. మన హాళ్లలో అంత నిడివి నడవదు కాబట్టి రెండుగా చేసి జూన్ 22న ఒకటి, ఆగస్టు 8న ఒకటి వదిలారు. ధన్‌బాద్ బొగ్గు, మూడు తరాల పగ. అక్కడి హిందీ మనకి అందదు, సబ్‌టైటిల్స్ తప్పవు. తిట్లు అడుగడుగునా ఉంటాయి, ఇంటి హాలులో స్పీకర్లు పెట్టి చూసేది కాదు. పాత్రలు ఎక్కువ, ముసలివాడు ఎవరి తండ్రో మరిచిపోతే పని ఆగిపోతుంది. ఒక కాగితం మీద మూడు ఇళ్ల వంశవృక్షం గీసి పక్కన పెట్టుకోండి, సిగ్గుపడాల్సిందేం లేదు. దీని బలం జోరు, బలహీనతా అదే. చావులు ఎక్కువయ్యేకొద్దీ ఒక్కో చావు చవకైపోతుంది. రెండో భాగం మధ్యలో నిద్రొచ్చేది అందుకే.

టీవీ చానెల్లో వేసినప్పుడు చూద్దాంలే అనుకోకండి. ‘ఎ’ సర్టిఫికెట్ సినిమాని ఉన్నదున్నట్టుగా టీవీలో వెయ్యకూడదు. కత్తిరించి, మళ్లీ సెన్సారు చేయించి వెయ్యాలి. గ్యాంగ్‌స్టర్ సినిమాలో ఆ కత్తిరింపులు సరిగ్గా కథ మలుపుల మీదే పడతాయి. దాని మీద యాడ్లు.

మరి మన సినిమాల సంగతేంటి అంటే, మన దగ్గర నిడివి ఉంది, కాలం గడవడం లేదు. 1984లో ఆ లియోనీ సినిమాలోంచి 90 నిమిషాలు తీస్తే సినిమా చచ్చిపోయింది. ‘పుష్ప 2’కి 20 నిమిషాలు కలిపితే కథకి ఏమీ కాలేదు. పెరగలేదు, తరగలేదు. కొలత అదే. ఆ సినిమాలో నిడివి నిజంగా పనిచేసేది జాతర దగ్గర. చీర కట్టి, ముఖానికి రంగు పూసుకుని ఊగుతుంటే ఆ ఘట్టం సాగేకొద్దీ బలం పెరుగుతుంది. మిగతా చోట్ల ఎక్కువ భాగం ఎలివేషన్. హీరో నడుస్తాడు, వెనక నుంచి ఒకడు ఆయనెవరో తెలుసా అంటాడు, ఇంకొకడు చెబుతాడు, మళ్లీ నడుస్తాడు. వయసు మీదపడదు, అప్పు వసూలుకి రాదు. జప్తు మూడో భాగానికి వాయిదా పడుతుంది.

పొడుగు లేకుండా కూడా ఆ పని చెయ్యొచ్చని ‘నాయకుడు’ చూపించింది. 1987లో మణిరత్నం తమిళంలో తీశాడు, తెలుగులో ఈ పేరుతో వచ్చింది. రెండున్నర గంటలు అటూ ఇటూగా, కుర్రాడి నుంచి ముసలివాడి దాకా ఒక జీవితం. కూతురు నిలదీస్తుంది, మనవడు ఒక ప్రశ్న అడుగుతాడు, ముసలివాడికి జవాబు రాదు. జప్తు అంటే ఏమిటో రెండు సీన్లలో తేల్చేశాడు. కమల్‌హాసన్ నటనకి, పి.సి.శ్రీరామ్ కెమెరాకి, బొంబాయి మురికివాడ ధారావిని మద్రాసు స్టూడియోలో కట్టి నిలబెట్టిన మన తోట తరణి కళకి జాతీయ అవార్డులు వచ్చాయి. రెండేళ్లకి, బెజవాడలో ఇంజినీరింగ్ చదివిన రాంగోపాల్ వర్మ ‘శివ’ తీశాడు. అది మంచి సినిమా, కానీ ఈ కోవలోకి రాదు. దానిలో ఉన్నదంతా అప్పు, వడ్డీ. మూడో గంట జోలికే పోలేదు, పోవాల్సిన అవసరమూ దానికి లేదు.

థియేటర్‌వాళ్లు పొడుగు సినిమాకి ఎందుకు జంకుతారో గాంధీనగర్ డిస్ట్రిబ్యూటర్ ఆఫీసుల్లో ఎవర్నడిగినా వేళ్లమీద లెక్క చెబుతారు. 200 నిమిషాల సినిమా, ఇంటర్వెల్ 15, ముందు యాడ్లూ ట్రైలర్లూ 15, హాలు ఊడ్చి జనాన్ని ఎక్కించడానికి 15. మొత్తం 245, అంటే నాలుగు గంటల ఐదు నిమిషాలు. అలా నాలుగు ఆటలు వెయ్యాలంటే 16 గంటల 20 నిమిషాలు. పొద్దున 8కి తలుపులు తీస్తే అర్ధరాత్రి దాటి 12.20. పదకొండు, రెండు, ఆరు, తొమ్మిది అనే పాత వరస దీనికి పట్టదు. ఆట తగ్గించాలి, లేదా యాడ్లు కొయ్యాలి, లేదా ఇంటర్వెల్‌లో జనం క్యాంటీన్ చేరకముందే బెల్లు కొట్టాలి. మూడోది ఎక్కువ జరుగుతుంది. గుంటూరు నుంచి సెకండ్ షోకి వచ్చేవాళ్లు సొంత బండి ఉంటేనే రావాలి. 9.30 ఆట వదిలేసరికి ఒంటిగంట దాటుతుంది, ఆ పైన 35 కిలోమీటర్లు.

ఇంట్లో చూసేవాళ్లకి ఉన్న శత్రువు కరెంటు. మే నెలలో పోదని ఎవరూ హామీ ఇవ్వలేరు. 150 ఏహెచ్ బ్యాటరీ, 12 వోల్టులు, కాగితం మీద 1,800 వాట్ అవర్లు. ఇన్వర్టర్ తినేది, బ్యాటరీ వయసు తీసేస్తే చేతికొచ్చేది 1,100 అటూ ఇటూ అనుకోండి. 55 అంగుళాల టీవీ 130 వాట్లు, ఫ్యాన్ 75, సౌండ్‌బార్ 30, రూటర్ 15, మొత్తం 250. నాలుగు గంటల పైన నడుస్తుంది, లియోనీ సినిమాకి అంచుమీద సరిపోతుంది. ఏసీ దీనిమీద నడవదు. రూటర్ ప్లగ్గు ఇన్వర్టర్ లైనులో లేకపోతే టీవీ వెలుగుతూనే ఉంటుంది, సినిమా ఆగిపోతుంది. కరెంటు పోగానే టీవీ ఆరిపోయి మళ్లీ వెలుగుతుంటే ఇన్వర్టర్ వెనకున్న మీటని ‘యూపీఎస్’ మోడ్‌లోకి మార్చండి. మారడానికి తీసుకునే సమయం తగ్గుతుంది. ఫ్యాన్ ఐదు మీద పెడితే ‘గాడ్‌ఫాదర్’లో డాన్‌గా వేసిన బ్రాండో గొణుగుడు వినపడదు. మూడు మీద పెట్టి సబ్‌టైటిల్స్ వేసుకోవడం మేలు.

తిండి విషయంలో ఒక్క జాగ్రత్త. బిర్యానీ తిని కూర్చోవద్దు. తిన్న గంటన్నరకి కళ్లు మూతపడతాయి, అన్ని సినిమాల్లోనూ మలుపు అక్కడే ఉంది. ముందు ఏదైనా తేలిగ్గా తిని, ఇంటర్వెల్‌కి పునుగులు తెప్పించుకోండి. అల్లం చట్నీ ఉంటే నిద్ర దగ్గరికి రాదు.

ఫోన్లు సైలెంటులో పెట్టడం అందరికీ తెలిసిందే. లియోనీ సినిమాకి దాంతోపాటు ఇంకోటి చెయ్యాలి. మొదట్లోనే ఒక ల్యాండ్‌లైన్ ఫోన్ మోగడం మొదలవుతుంది. సీన్లు మారుతుంటాయి, కాలాలు మారుతుంటాయి, అది మోగుతూనే ఉంటుంది, ఇరవై సార్లకి పైగా. వంటింట్లో ఉన్నవాళ్లకి ముందే చెప్పి కూర్చోండి. లేకపోతే ‘ఎవరో చూడండర్రా’ అంటూ చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చేస్తారు.